లేని రైలుకు పేరు

1973 జనవరిలో, కాలిఫోర్నియా తీరాన ఉన్న మాంటరే పట్టణంలో, ఒక ఇంటి నేలమాళిగలో ఒక రైల్వే కాలిపోయింది. కొండలు, లోయలు, వంతెనలు, రేవు, పట్నాలు దాదాపు అన్నీ అగ్నికి ఆహుతయ్యాయి. ప్రాణనష్టం మాత్రం లేదు. ఆ రైల్వేలో ప్రయాణం చేసేవారంతా అంగుళమైనా ఎత్తులేని బొమ్మలు. దాన్ని రెండు దశాబ్దాలపాటు ఒంటిచేత్తో కట్టిన జాన్ ఆలెన్ అనే ఫోటోగ్రాఫరు అంతకు సుమారు పది రోజుల ముందే గుండెపోటుతో మరణించాడు. కర్త పోయిన పది రోజులకు కృతి కూడా పోయింది. మిగిలినవి ఆయన తీసిన ఛాయాచిత్రాలు, ఆయన రాసిన వ్యాసాలు, ఆ రైల్వే పేరు. నమూనా రైళ్ల ప్రపంచంలో ఆ పేరు తెలియనివారు నేటికీ అరుదు.

ఈ టపా ఆ పేరు గురించి, అలాంటి మరికొన్ని పేర్ల గురించి. ఎక్కడా లేని ఒక రైల్వేకు పేరు పెట్టడం పిల్లచేష్టలా కనిపిస్తుంది గాని, కొంచెం లోతుకు దిగితే అందులో చరిత్ర, భాష, వ్యాపారం, అహంకారం, హాస్యం అన్నీ కలగలిసి ఉంటాయి. నేనూ ఒక చిన్న బల్ల మీద అలాంటి రైలుదారి ఒకటి వేసుకుంటున్నాను కనుక ఈ విషయం నాకు వట్టి కాలక్షేపం కాదు. దాని సంగతి చివర్లో చెబుతాను.

ముందుగా ఈ వినోదంతో పరిచయం లేనివారికి నాలుగు మాటలు. నమూనా రైల్వే అంటే తాళంచెవి తిప్పితే గుండ్రంగా తిరిగే ఆటబొమ్మ కాదు. నిజమైన రైలును ఒక నిర్ణీత నిష్పత్తిలో, ఎక్కువగా 87కి 1 వంతున, కుదించి, దాని చుట్టూ భూమిని, ఊళ్లను, వర్తకాన్ని కూడా కుదించి కట్టే కళ అది. అమెరికాలో 1934లో దీనికోసం మోడల్ రైల్‌రోడర్ అనే పత్రిక మొదలైంది, మరుసటి ఏడు ఒక జాతీయ సంఘం ఏర్పడింది. ఈ కళాకారులలో రెండు తెగలున్నాయి. ఒక తెగవారు ఫలానా ఏడు, ఫలానా స్టేషను, ఫలానా ఇంజను అని నిజమైనదాన్నే అనుకరిస్తారు. రెండో తెగవారు తమ సొంత రైల్వేను కల్పించుకుంటారు. మొదటివారికి పేరుతో పేచీ లేదు. రెండోవారు మొదటి మేకు కొట్టకముందే ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి.

జాన్ ఆలెన్ చెప్పుకున్న జవాబు ఇది: గోర్ అండ్ డాఫెటిడ్. కాగితం మీద చూస్తే రెండు ఊళ్ల పేర్లు. గోర్ అనే ఊరినీ డాఫెటిడ్ అనే ఊరినీ కలిపే రైలుదారి. అమెరికాలో అలాంటి జంటపేర్లు కోకొల్లలు కాబట్టి అనుమానం రాదు. కాని పెదవి విప్పి చదివితే ఇంగ్లీషు చెవికి అది గోరీ అండ్ డిఫీటెడ్ అని వినబడుతుంది, అంటే నెత్తుటి గాయాలతో ఓడిపోయినది అని. రాతలో ఒక అర్థం, శ్రుతిలో మరొక అర్థం. మనకు శ్లేష కొత్త కాదు. పింగళి సూరన రాఘవపాండవీయం పేరిట ఒక కావ్యం మొత్తాన్ని రెండు కథలుగా నడిపించిన భాష మనది. ఆలెన్ చేసింది ఆ స్థాయి పని కాదు, నాలుగు ముక్కల చమత్కారం మాత్రమే. అయితే ఆ చమత్కారం వెనుక ఉన్న రైల్వే చమత్కారం కాదు. కొండల మీదుగా పడుతూ లేస్తూ పోయే, తుప్పుపట్టిన, బాకీలు తీరని ఒక పేద కంపెనీని ఆయన ఎంత శ్రద్ధగా కట్టాడంటే, ఫోటోలు చూసినవారికి నవ్వు ఆగిపోయేది. అదే రైల్వేలో పెట్టెలను అటూ ఇటూ మళ్లించే షంటింగు పనికి ఎమ్మా అనే ఒక స్టెగొసారస్, అంటే వీపు మీద పలకలున్న ప్రాచీన సరీసృపాన్ని, నిలబెట్టినవాడు కూడా ఆయనే.

నాకు ఇందులో ఆసక్తి కలిగించే అంశం వేరు. ఏ రైల్వేకైనా రెండు పేర్లుంటాయి. ఒకటి స్థాపకులు పెట్టేది. అది వాటాలు కొనేవారి చెవిలో చెప్పే వాగ్దానం. రెండోది ఎక్కి దిగేవారు పెట్టేది. అది అనుభవం మీద ఇచ్చే తీర్పు. నిజమైన రైల్వేల చరిత్రలో ఈ రెండింటికీ నడుమ ఎడం ఉంటుంది. ఆలెన్ రెండింటినీ ఒకే పేరులో ఇమిడ్చాడు. రాస్తే కంపెనీ పేరు, పలికితే జనం పేరు.

మొదటిరకం పేర్లు ఎలా పుట్టాయో చూస్తే, కల్పన అన్నది బల్లల మీద రైళ్లు కట్టేవారి సొత్తేమీ కాదని అర్థమవుతుంది. 1859లో కాన్సస్‌లో అచిసన్ అండ్ టొపీకా అనే కంపెనీ ఏర్పడింది. రెండూ అదే ప్రాంతంలోని చిన్న ఊళ్లు. 1863లో దాని పేరుకు శాంటా ఫే అనే మాట చేరింది. శాంటా ఫే అప్పటికే పేరుమోసిన వర్తకమార్గానికి గమ్యం, వందలాది మైళ్ల దూరంలో కొండల నడుమ ఉన్న పాత స్పానిష్ పట్నం. ఆ పేరు చేర్చుకున్ననాటికి కంపెనీకి ఒక్క గజం పట్టా కూడా లేదు. మొదటి పట్టా పడింది 1868లో. తీరా 1880లో రైలు అటు చేరేసరికి, పట్నం చుట్టూ ఉన్న ఎత్తుపల్లాలకు జంకి ప్రధానమార్గాన్ని పక్కనుంచి తీసుకుపోయారు. శాంటా ఫే పట్నానికి దక్కింది లామీ అనే జంక్షను నుంచి వేసిన 18 మైళ్ల శాఖ. జగమంతా ఆ కంపెనీని శాంటా ఫే అనే పిలిచింది. దాని పెద్ద రైళ్లేవీ శాంటా ఫే పట్నానికి వెళ్లలేదు.

పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న మన సామెతకు ఇంతకంటె మంచి ఉదాహరణలు కూడా ఉన్నాయి. షికాగో, రాక్ ఐలండ్ అండ్ పసిఫిక్ అనే కంపెనీ పసిఫిక్ మహాసముద్రాన్ని చూడకుండానే 1980లో మూతబడింది. సెయింట్ లూయిస్–శాన్ ఫ్రాన్సిస్కో రైల్వే శాన్ ఫ్రాన్సిస్కో దరిదాపులకు కూడా పోలేదు. పసిఫిక్ అన్నా, వెస్టర్న్ అన్నా అది భూగోళం కాదు, ఆశ. పందొమ్మిదో శతాబ్దంలో కంపెనీ పేరు చివర సముద్రం ఉంటే వాటాలు అమ్ముడుపోయేవి. ఇవన్నీ కల్పిత రైల్వేలు కావా అని నాకు అనిపిస్తుంది. కాకపోతే వీటి కల్పనకు నిజమైన ఇనుము కొంత తోడయింది.

రెండోరకం పేర్లు ఇంకా రసవత్తరమైనవి. పెట్టెల మీద కంపెనీ పేరు పూర్తిగా రాయడం కుదరదు కనుక పొడి అక్షరాలు వేస్తారు. అమెరికాలో ఈ గుర్తు 2 నుంచి 4 అక్షరాలలో ఉండాలన్న నియమం ఉంది, చివరి అక్షరం ఎక్స్ అయితే ఆ పెట్టె రైల్వేది కాదు, బయటి యజమానిది. ఆ పొడి అక్షరాలను జనం తమకు తోచినట్టు విప్పుకుంటారు. టొలీడో, పియోరియా అండ్ వెస్టర్న్ కంపెనీ టి.పి. అండ్ డబ్ల్యు. దాన్ని టయర్డ్, పూర్ అండ్ వియరీ అన్నారు: అలసినది, బీదది, సొలసినది. టెనెసీ–నార్త్ కరోలినా కొండల్లో తిరిగిన ఒక నారోగేజి లైను పేరు ఈస్ట్ టెనెసీ అండ్ వెస్టర్న్ నార్త్ కరోలినా. ఆ అక్షరాలకు కొండజనం చెప్పిన వ్యాఖ్యానం: బంగాళాదుంపలు తిను, బట్టలు కట్టుకోకు. ఒక్క వాక్యంలో ఆ సీమ దారిద్ర్యమంతా ఉంది. అదే లైనుకు ఇంజను కూతను బట్టి ట్వీట్సీ అనే ముద్దుపేరూ పెట్టారు. కంపెనీ పెట్టిన పొడుగాటి పేరు ఈనాడు ఔత్సాహికులకు మాత్రమే గుర్తుంది, ట్వీట్సీ అంటే ఆ ప్రాంతంలో పిల్లలకు కూడా తెలుసు.

ఆలెన్ తరువాతి తరంలో గాలి మారింది. ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో ఆలెన్ మెక్లెలండ్ అనే ఆయన (పేరులో ఆలెన్ ఉంది గాని జాన్ ఆలెన్‌కు బంధువు కాడు) వర్జీనియన్ అండ్ ఒహాయో అనే రైల్వే కట్టాడు. ఈ పేరులో నవ్వు లేదు, శ్లేష లేదు. అదే దాని విశేషం. వర్జీనియన్ అనే రైల్వే నిజంగా ఉండేది, 1959లో మరో కంపెనీలో కలిసిపోయింది. చెసపీక్ అండ్ ఒహాయో ఉండేది, బాల్టిమోర్ అండ్ ఒహాయో ఉండేది. వీటి సరసన వర్జీనియన్ అండ్ ఒహాయో అని ఒకటి చేరిస్తే, అపలాచియన్ బొగ్గుగనుల సంగతి కొద్దిగా తెలిసినవాడు కూడా తాను ఎక్కడో విన్నట్టే తలూపుతాడు. మెక్లెలండ్ సిద్ధాంతం ఏమంటే, నమూనా రైల్వే నేలమాళిగ గోడ దగ్గర ఆగకూడదు. అక్కడినుంచి కదిలిన బొగ్గు గోడ అవతల ఉన్న నిజమైన దేశంలోకి పోవాలి, అక్కడి నిజమైన కంపెనీల పెట్టెలు ఇక్కడికి రావాలి. ఈ రాకపోకలు నమ్మదగినవిగా ఉండాలంటే పేరు కూడా ఆ దేశపు పటంలో ఒదిగిపోవాలి. పకపక నవ్వించే పేరున్న కంపెనీతో నిజమైన కంపెనీ లావాదేవీలు పెట్టుకుంటుందా?

ఆయన మిత్రుడు టోనీ కెస్టర్ అలెఘేనీ మిడ్‌లండ్ అనే మరో కల్పిత రైల్వేను 1970లలో మొదలుపెట్టి, దాన్ని నికెల్ ప్లేట్ అనే నిజమైన రైల్వేకు అనుబంధ సంస్థగా ఊహించుకున్నాడు. పాతికేళ్లు నడిపి, చివరకు విప్పేసి, ఆ తరువాత ఏ కల్పనా లేకుండా నికెల్ ప్లేట్‌నే యథాతథంగా కట్టడం ప్రారంభించాడు. కల్పన నిజానికి మరీ దగ్గరగా జరిగితే చివరికి నిజమే దాన్ని మింగేస్తుందేమో! నా మటుకు నాకు మెక్లెలండ్ పద్ధతి మీద గౌరవం, జాన్ ఆలెన్ పద్ధతి మీద ప్రేమ.

అట్లాంటిక్ దాటి ఇంగ్లండు వెళితే సమస్య స్వరూపం మారుతుంది. అక్కడ కంపెనీ పేరుకన్నా ఊరి పేరు ముఖ్యం. జాన్ అహర్న్ అనే ఆయన 1930ల చివర మ్యాడర్ వ్యాలీ రైల్వే మొదలుపెట్టాడు. మ్యాడర్ అనే లేని నది ఒకటి, దాని లోయలో మ్యాడర్‌పోర్ట్, మచ్ మ్యాడర్, గామన్ మాగ్నా అనే లేని ఊళ్లు. ఇంగ్లీషులో మ్యాడర్ అంటే మన మంజిష్ఠ జాతికి చెందిన ఎరుపురంగు మొక్క. మరింత పిచ్చిది అన్న అర్థం కూడా ఉంది. కాని అహర్న్ నేర్పు ఆ జోడు అర్థంలో కన్నా మచ్, మాగ్నా అనే ముందువెనుకల మాటల్లో ఉంది. ఇంగ్లండులో పెద్ద ఊరిని చిన్న ఊరి నుంచి వేరుచేయడానికి వాడే మాటలవి. మనం పెద, చిన అంటామే అలాగే. ఒక్క ప్రత్యయంతో ఆ ఊరికి వెయ్యేళ్ల వయసు వచ్చేసింది. ఆలెన్ రైల్వే కాలిపోయింది గాని అహర్న్ లోయ ఇప్పటికీ ఉంది, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని పెండన్ మ్యూజియంలో.

పేరు కోసం చరిత్రను తవ్వినవారిలో ఆడ్రీ అనే క్రైస్తవ మతాచార్యుణ్ని మించినవారు లేరు. థామస్ అనే నీలిరంగు ఇంజను పేరు వినని పిల్లలు ఈనాడు తక్కువ. ఆ కథల పుస్తకాలు 1945 నుంచి వెలువడ్డాయి. పుస్తకాలు పెరిగినకొద్దీ పిల్లలు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు: ఆ బొమ్మలో స్టేషను ఇలా ఉంది, ఈ బొమ్మలో అలా ఉందేమని. ఇంతకూ ఈ రైల్వే ఎక్కడుందో చెప్పక తప్పలేదు. 1950లో ఆడ్రీ ఐల్ ఆఫ్ మాన్ అనే ద్వీపానికి వెళ్లినప్పుడు అక్కడి బిషప్పు బిరుదు ఆయన కంటబడింది: సోడర్ అండ్ మాన్ బిషప్పు. మాన్ అంటే ఆ ద్వీపమే. మరి సోడర్ ఏది? పటంలో అలాంటి చోటు లేదు. ఒకప్పుడు స్కాట్లండు పడమటి దీవులు, మాన్ ద్వీపం కలిసి నార్వే రాజుల ఏలుబడిలో ఉండేవి. ఉత్తరాదివారికి అవి దక్షిణదీవులు కనుక వాళ్ల భాషలో సుద్రేయర్ అన్నారు, ఆ మాట లాటిన్ మీదుగా అరిగి సోడర్ అయింది. 1266లో ఆ దీవులు స్కాట్లండు రాజు చేతికి పోయాయి. కాలక్రమాన చర్చి సరిహద్దులు కూడా మారాయి. బిషప్పు బిరుదులో మాత్రం ఊరు లేని పేరు మిగిలిపోయింది. ఆడ్రీ ఆ పేరు కింద ఒక ద్వీపాన్ని తెచ్చి పెట్టాడు. ఐరిష్ సముద్రంలో, మాన్‌కూ ఇంగ్లండుకూ నడుమ. తన తమ్ముడు జార్జితో కలిసి ఆ ద్వీపానికి రాజులను, యుద్ధాలను, గనులను, చివరకు సుద్రిక్ అనే ఒక భాషను కూడా కల్పించాడు. 1987లో అదంతా ఒక చరిత్రగ్రంథంగా అచ్చయింది. మనలో కొందరు అసలు చరిత్రకు కూడా అంత ఓపిక పెట్టరు.

మన దేశంలోని కల్పిత రైళ్లలో మేటి ఏదంటే నేను తడుముకోకుండా మాల్గుడి స్టేషను అంటాను. ఆర్.కె. నారాయణ్ తన ఆత్మకథలో చెప్పుకున్న ప్రకారం 1930లో బెంగళూరులో, అమ్మమ్మ చూసి పెట్టిన మంచిరోజున, నవల రాద్దామని కూర్చుంటే ఆయనకు ముందుగా కనబడింది ఊరు కాదు, ఒక చిన్న రైలుస్టేషను. ఆ స్టేషను పేరే మాల్గుడి. ఊరు దాని వెనుకనుంచి నడిచి వచ్చింది. 1935లో స్వామి అండ్ ఫ్రెండ్స్ అచ్చయిన నాటినుంచి ఆ ఊరెక్కడ అని వెదికినవారు వెదుకుతూనే ఉన్నారు. ఆ పేరు సొగసంతా గుడి అన్న చివరిమాటలో ఉంది. అది వినగానే దక్షిణాది అని తెలుస్తుంది. తమిళుడు కుడి అనుకుంటాడు, కన్నడిగుడు, తెలుగువాడు గుడి అనుకుంటారు. ముగ్గురికీ అది పొరుగూరే. 1980లలో శంకర్ నాగ్ టీవీ ధారావాహిక తీసినప్పుడు కర్ణాటకలోని అరసాళు స్టేషను మాల్గుడి వేషం వేసింది. 2020లో అక్కడి పాత స్టేషను భవనాన్ని మాల్గుడి మ్యూజియంగా మార్చారు. లేని స్టేషను ఉన్న స్టేషను మీద ఈ విధంగా హక్కు సంపాదించుకుంది.

ఇక మన రైల్వే కంపెనీల పేర్లు. వీటిలో వాగ్దానాలు తక్కువ, లెక్కలు ఎక్కువ. నిజాంస్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అన్న పేరు చూడండి. ఆ గ్యారంటీ ప్రయాణికులకు కాదు, లండనులో పెట్టుబడి పెట్టినవారికి. లాభం వచ్చినా రాకపోయినా ఇంత వడ్డీ ముట్టజెబుతామని నిజాం ప్రభుత్వం ఇచ్చిన హామీ పేరులోకి ఎక్కింది. 1930లో ప్రభుత్వమే ఆ రైల్వేను కొనేయగానే గ్యారంటీడ్ అన్న మాట రాలిపోయి నిజాంస్ స్టేట్ రైల్వే మిగిలింది. ఇంత నిజాయితీ గల పేరు అమెరికాలో ఒక్కటీ దొరకదు. సర్కారు జిల్లాల్లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా, ఉత్తరాన బెంగాల్ నాగపూర్. విజయనగరంవాడు ఎక్కే రైలు పేరులో బెంగాలూ ఉంది, నాగపూరూ ఉంది, తెలుగు ఊరు లేదు.

1951 తరువాత మండలాలు వచ్చాయి. అప్పటినుంచి రైల్వేల పేర్లలో దిక్కులు తప్ప మరేమీ లేవు: దక్షిణ, మధ్య, 1966లో దక్షిణ మధ్య, 2019లో ప్రకటించిన దక్షిణ కోస్తా. కొంకణ్ లాంటివి మినహాయింపు. మన కవిత్వమంతా రైల్వేల పేర్లను వదిలి రైళ్ల పేర్లలోకి వెళ్లిపోయింది. గౌతమి, నారాయణాద్రి, సింహాద్రి, ఫలక్‌నుమా, రత్నాచల్! ఇక పాత పేర్లు దాక్కున్న చోటు మరొకటి ఉంది, స్టేషను సంకేతాక్షరాలు. విజయవాడ టిక్కెట్టు మీద నేటికీ బి.జెడ్.ఎ. అని ఉంటుంది. ఊరు పేరు మార్చుకుని ఎన్నాళ్లయినా బెజవాడ ఆ మూడక్షరాలలో కాపురముంటోంది.

దీనివల్ల కల్పిత రైల్వే కట్టదలచిన తెలుగువాడికి ఒక చిక్కు వస్తుంది. అమెరికాలో వందల కంపెనీలు ఉండేవి కనుక మరొకదాన్ని ఇరికించడం సులభం. మండలాల మధ్య ఇరికించడానికి దిక్కులు మిగల్లేదు. కాబట్టి 1951కి వెనక్కు పోవాలి. పోతే లైట్ రైల్వేలు కనిపిస్తాయి, అంటే తక్కువ బరువు పట్టాలతో తక్కువ ఖర్చులో వేసిన చిన్నదారులు. 1900లో పర్లాకిమిడి రాజా సొంత ఖర్చుతో నౌపడ నుంచి తన ఊరికి 2 అడుగుల 6 అంగుళాల గేజిలో వేయించుకున్న పర్లాకిమిడి లైట్ రైల్వే ఉంది. నా బల్ల మీది రైలుకు నేను ఎంచుకున్న గోత్రం అదే. నా కల్పనలో అది సామర్లకోట జంక్షనులో పెద్దలైను పక్కనుంచి బయలుదేరి, పెద్దాపురం మీదుగా తూర్పు కనుమల పాదాలకు పోయి, నేరేడుమిల్లి అనే ఊళ్లో ఆగుతుంది. సామర్లకోట, పెద్దాపురం ఉన్నవి, నేరేడుమిల్లి నా సృష్టి. ఆ మన్యంలో మారేడుమిల్లి ఉంది కనుక నేరేడుమిల్లి ఉన్నా ఎవరూ నొచ్చుకోరు. ఊరి పేరు చివరిమాటే ఆ ఊరి నేలను చెబుతుంది. లంక అంటే గోదావరి నడుమ తేలుతుంది, వలస అంటే ఉత్తరాంధ్ర కొండవాలు, దిన్నె అంటే రాయలసీమ. నేరేడులంక అని పెడితే రైలు పడవ ఎక్కవలసి వచ్చేది.

మరి ఆ రైలు ఇప్పుడెందుకు లేదు? దీనికి సాక్ష్యం నిజమైన చరిత్రే ఇచ్చింది. 1928లో వేసిన కాకినాడ–కోటిపల్లి లైను పట్టాలను రెండో ప్రపంచయుద్ధం కోసం 1940లో పెరికి తీసుకుపోయారు. ఆ దారి మళ్లీ పడింది 2004లో. అదే యుద్ధంలో నా పట్టాలూ పోయాయి. మళ్లీ పడలేదు, అంతే.

కంపెనీ పేరు దగ్గర చాలా రోజులు ఆగాను. తెలుగు మీద అభిమానం కొద్దీ గోదావరీ మన్య ధూమశకట మార్గము అని మొదట రాసి చూసుకున్నాను. జాలంలో తెలుగు కోసం పాటుపడిన మిత్రులు హర్షిస్తారని తెలుసు. కాని 1910 ప్రాంతంలో మద్రాసులో నమోదయిన ఏ కంపెనీ అయినా ఇంగ్లీషు పేరే పెట్టుకునేది. పేరును శుద్ధి చేస్తే చరిత్ర అబద్ధమవుతుంది. తరువాత సామర్లకోట అండ్ జైపూర్ రైల్వే అనుకున్నాను. కనుమలు దాటి జయపురం సంస్థానం చేరుతామని వాటాదారులకు ఆశ చూపి, కొండ మొదట్లోనే చతికిలబడిన కంపెనీ. శాంటా ఫే సంప్రదాయం! చివరకు నిలిచినది గోదావరి ఏజెన్సీ లైట్ రైల్వే. 1925లో జిల్లాల పేర్లకు తూర్పు, పశ్చిమ అన్న మాటలు చేరాయి కనుక, వట్టి గోదావరి అన్నప్పుడే ఈ కంపెనీ అంతకు ముందుదని తెలిసిపోతుంది. ఇంగ్లీషు పొడి అక్షరాలు జి.ఎ.ఎల్.ఆర్. వాటిని సామర్లకోట కూలీలు గాలర్ అని, తరువాత గాలిబండి అని పిలిచి ఉంటారు. గంటకు ఎనిమిది మైళ్లు పోయే బండికి గాలి అన్న వ్యంగ్యం కొంత. ఇక గాలిమాటలు, గాలిమేడలు కట్టే భాషలో గాలిబండి అంటే లేని బండి అని కూడా కదా! జాన్ ఆలెన్‌కు బాకీ తీరింది.

అయితే ఏజెన్సీ అన్న మాట ఊరకే పోలేదు. కలెక్టరు గవర్నరుకు ఏజెంటుగా ప్రత్యేకాధికారాలతో ఏలిన మన్యానికి ఆ పేరు. నా రైలు మోసుకొచ్చే సరుకు కలప, వెదురు, చింతపండు. బల్ల మీద పుల్లలతో దుంగలు పేర్చుతుంటే అవి కొట్టినదెవరు అన్న ప్రశ్న వస్తుంది. 1882 నాటి మద్రాసు అటవీచట్టంతో పోడు వ్యవసాయానికి సంకెళ్లు పడ్డాయి. రోడ్లపనుల్లో చాలీచాలని కూలి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద పడి ఆయుధాలు తీసుకుపోయింది. 1924లో ఆయనను కాల్చిచంపారు. నేరేడుమిల్లి ఈ నేలకు కూతవేటు దూరం. 1922లో గాలిబండి ఏం చేసింది? పోలీసులను మోసిందా, దుంగలు మోస్తూనే ఉందా? మోసే ఉంటుంది. వర్జీనియన్ అండ్ ఒహాయో అన్న పేరు బొగ్గుగనులను వెంటబెట్టుకొచ్చినట్టే నేను పెట్టిన పేరు ఈ ప్రశ్నలను వెంటబెట్టుకొచ్చింది. జైపూర్ పేరు ఉంచుకుంటే ఇవి రావు. అందుకే ఏజెన్సీయే ఉంచాను.

బోర్డులు మాత్రం సిద్ధమయ్యాయి. పెట్టెల మీద తెల్లరంగుతో ఇంగ్లీషు అక్షరాలు నాలుగు, స్టేషను బోర్డు మీద తెలుగులో నేరేడుమిల్లి. నా దగ్గరున్న కాగితంలో మూడు వరుసలున్నాయి. కంపెనీవారు పెట్టిన పేరు, సామర్లకోటవారు పెట్టిన పేరు నింపాను. మూడోది నేరేడుమిల్లి పైన కొండల్లో ఉన్నవారు, తమ అడవి దుంగలుగా దిగిపోవడం చూస్తూ, ఆ బండిని ఏమని పిలిచి ఉంటారన్నది. కొండరెడ్ల నోట తెలుగు మాటే అయి ఉండాలి, కోయవారి నోట మరొకటి. ఆ ప్రాంతపు నుడి తెలిసిన మిత్రులెవరైనా చెబితే, ఆ పేరును కూడా బల్ల అంచున రాస్తాను.